నాటినవాళ్లు, నీళ్లు పోసినవాళ్లు: మన బడి పచ్చదనం కథ

స్వర్ణోత్సవ సంచికకు ఒక వ్యాసం ఇవ్వమని కమిటీ మిత్రులు అడిగినప్పుడు ముందు మన బడి చరిత్ర రాద్దామనుకున్నాను. ఏ గది ఎప్పుడు కట్టారు, ఏ పెద్దసారు ఎన్నేళ్లు పనిచేశారు, మనలో ఎవరెవరు ఎంత ఎత్తుకు ఎదిగారు, ఇవన్నీ అందులో వస్తాయి. వాటిని నాకంటే బాగా రాయగలిగిన పెద్దలు మన సంఘంలో ఉన్నారు. అందుకే నేను వేరే చరిత్ర ఎంచుకున్నాను. మనలో చాలామందికి మొదటి అక్షరం దిద్దించిన ప్రాథమిక బడి ఆవరణలోని చెట్ల చరిత్ర అది.

ఎందుకు ఎంచుకున్నానో కూడా చెప్పాలి. నిరుడు ఆత్మీయ సమ్మేళనం జరిగిన మర్నాడు పొద్దున నేను మళ్లీ బడికి వెళ్లాను. ముందురోజు కళ్లద్దాలు అక్కడే మరిచిపోయాను. వేప చెట్టు కింద మనం తాగి పారేసిన ప్లాస్టిక్ గ్లాసులు, నీళ్ల సీసాలు, తిని వదిలేసిన థర్మోకోల్ ప్లేట్లు కుప్పగా పడి ఉన్నాయి. నలుగురు పిల్లలు, నాలుగో ఐదో తరగతి వాళ్లు, వాటిని ఏరి గోనెసంచిలో వేస్తున్నారు. "ఇవన్నీ ఏం చేస్తరు?" అని అడిగాను. "కాలబెడతం సార్" అన్నాడు అందులో చిన్నవాడు. ముందురోజు సాయంత్రం అదే చెట్టు కింద మైకు పట్టుకుని పర్యావరణం గురించి పది నిమిషాలు మాట్లాడింది నేనే. పిల్లవాడికి ఏమీ చెప్పలేక కళ్లద్దాలు తీసుకుని వచ్చేశాను. ఆ రోజు చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

మన నేల

మన మర్పల్లి గురించి బయటి ఊళ్లో ఎవరైనా అడిగితే మనం ముందు రైలు దారి చెబుతాం. వికారాబాద్‌లో మలుపు తిరిగి సదాశివపేట రోడ్, మర్పల్లి, కోహీర్, జహీరాబాద్ మీదుగా బీదర్, పర్లి వైపు పోయే లైను అది. నిజాం కాలంలో వేశారు. అనంతగిరి కొండలు మనకు దూరం కాదు. మూసీ పుట్టేది అక్కడే. ఇంకో పక్క తాండూరు నాపరాళ్లకు, కందులకు పేరు. 2022 చివర్లో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పాలనలో ఉమ్మడి రంగారెడ్డి జిల్లాలో ఉండి, 2016 అక్టోబర్ 11న కొత్తగా ఏర్పడిన వికారాబాద్ జిల్లాలోకి వచ్చాం.

మన నేలలో ఎర్ర మొరమూ ఉంది, నల్ల రేగడీ ఉంది. ఈ తేడా రైతుకు తెలిసినంతగా బడిలో మొక్కలు నాటించినవాళ్లకు తెలియలేదనే నా అభిప్రాయం. మొరం నేలలో గుంత తవ్వితే గడ్డపార ఖంగుమంటుంది. అందులో అడుగు లోతు గుంత తీసి, ఆ మొరమే మళ్లీ నింపి మొక్క పెడితే వేరు లోపలికి దిగదు. వానాకాలం నాలుగు నెలలు పచ్చగా కనిపించి మాఘం దాటగానే మాడిపోతుంది. ఈ వ్యాసంలో ముందుకు పోతున్నకొద్దీ ఈ మాట గుర్తుపెట్టుకోండి.

పర్యావరణం అనే మాట రాకముందు

మేము చదువుకున్నప్పుడు బడిలో 'పర్యావరణం' అనే మాట ఎవరూ వాడలేదు. కానీ చెత్త మాత్రం చాలా తక్కువ ఉండేది. పలక, బలపం ఉంటే మూడో తరగతి దాకా గడిచిపోయేది. పలక తెల్లబడితే గుంటగలగరాకు, బొగ్గు కలిపి నూరి రుద్దేవాళ్లం. నల్లబల్లకూ అదే వైద్యం. పై తరగతికి పోయినవాడి పుస్తకాలు కింది తరగతి వాడికి సగం ధరకు వచ్చేవి. ఆ పుస్తకానికి పాత పేపరుతో అట్ట. కూర్చోవడానికి ఇంటినుంచి తెచ్చుకున్న గోనెసంచి. శనివారం ఆడపిల్లలు పేడతో గది అలికితే మగపిల్లలు నీళ్లు తెచ్చేవాళ్లు. ఆ పనిని ఆడా మగా అని ఎందుకు పంచారని ఇప్పుడు అడగాల్సిందే, అప్పుడు ఎవరూ అడగలేదు. పండుగకో జెండా దినానికో ఏదైనా పెడితే మోదుగాకు విస్తట్లో పెట్టేవాళ్లు. తిన్నాక ఆ విస్తరాకు మేకకు పోయేది, లేకపోతే పెంటకుప్పకు పోయి ఎరువయ్యేది.

దీన్ని స్వర్ణయుగం అని చెప్పడం నా ఉద్దేశం కాదు. అది లేమి. మాకు వేరే దారి లేదు కాబట్టి అలా ఉన్నాం. చేతులు కడుక్కోవడానికి సబ్బు లేదు, మరుగుదొడ్డి లేదు, వానొస్తే గది కారేది. ఆడపిల్లలు ఐదో తరగతితో ఆగిపోయేవాళ్లు. ఆ లేమి మళ్లీ రావాలని ఎవరం కోరుకోం. కాని ఆ లేమిలో ఒక వస్తువు చివరికి ఎక్కడికి పోతుందో ప్రతి పిల్లవాడికీ తెలుసు. నేటి పిల్లవాడికి చిప్స్ ప్యాకెట్టు చింపడం తెలుసు, ఆ తర్వాత అది ఎక్కడికి పోతుందో తెలియదు. మనకూ తెలియదు. తెలిస్తే ఆ రోజు గ్లాసులు అక్కడ వదిలి వచ్చేవాళ్లం కాదు.

వార్ధా నుంచి వనమహోత్సవం దాకా

బడికీ నేలకూ సంబంధం ఉండాలన్న ఆలోచన మన దేశంలో కొత్తది కాదు. 1937 అక్టోబర్‌లో గాంధీజీ వార్ధాలో విద్యావేత్తలతో సమావేశం పెట్టారు. చేతి పని ద్వారా చదువు చెప్పాలన్న 'నయీ తాలీమ్' అక్కడినుంచే దేశమంతా తెలిసింది. ఆ పథకానికి పాఠ్యప్రణాళిక తయారుచేసిన కమిటీ అధ్యక్షుడు డాక్టర్ జాకిర్ హుస్సేన్. తర్వాత రాష్ట్రపతి అయిన ఆయన పుట్టింది మన హైదరాబాద్‌లోనే, 1897లో. నూలు వడకడంతో పాటు తోటపని, సేద్యం కూడా ఆ చదువులో భాగం. బడి తోటలో పండిన కూరగాయను తూచడం లెక్కల పాఠం, దాని గురించి రాయడం భాషా పాఠం.

స్వాతంత్ర్యం వచ్చాక 1950లో నాటి కేంద్ర వ్యవసాయ మంత్రి కె.ఎం. మున్షీ వనమహోత్సవాన్ని మొదలుపెట్టారు. ఏటా జూలై మొదటి వారంలో మొక్కలు నాటాలి. మన బడులకు చెట్ల పండుగ అలా వచ్చింది. ఆలోచన మంచిదే. కాని రెండింటి మధ్య ఒక పెద్ద తేడా ఉంది. నయీ తాలీమ్ తోట ఏడాది పొడుగునా చేసే పని. వనమహోత్సవం ఒక్క రోజు పండుగ. మన బడులు మొదటిదాన్ని మెల్లగా వదిలేసి రెండోదాన్ని గట్టిగా పట్టుకున్నాయి. పండుగ చేయడం తేలిక, పని చేయడం కష్టం.

1959లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీరాజ్ వచ్చింది. ప్రాథమిక బడులు పంచాయతీ సమితుల కిందికి పోయాయి. 1985లో మండలాలు ఏర్పడ్డాక సమితులు పోయి మండల పరిషత్తులు వచ్చాయి. మన బోర్డు మీద పేరు మారింది. ఈ మార్పులన్నిటిలోనూ టీచరు జీతం, గది మరమ్మతు ఎవరి బాధ్యతో కాగితం మీద ఉండేది. బడిలో చెట్టుకు ఎండాకాలం నీళ్లు ఎవరు పోయాలో మాత్రం ఏ కాగితం మీదా లేదు.

1972 జూన్‌లో స్టాక్‌హోమ్‌లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సదస్సు జరిగింది. మన ప్రధాని ఇందిరాగాంధీ అందులో మాట్లాడారు. జూన్ 5ను ప్రపంచ పర్యావరణ దినంగా జరుపుకోవడం ఆ సదస్సు ఫలితమే. 1976లో 42వ రాజ్యాంగ సవరణ ద్వారా 48ఏ, 51ఏ అధికరణాలు వచ్చాయి. అడవులను, నదులను, జీవజాలాన్ని కాపాడటం ప్రభుత్వ విధానంలోనూ పౌరుడి ప్రాథమిక విధుల్లోనూ చేరింది. 1975లో ఎన్‌సీఈఆర్‌టీ తెచ్చిన పదేళ్ల బడి పాఠ్యప్రణాళిక ప్రాథమిక తరగతుల్లో పరిసరాల అధ్యయనానికి చోటిచ్చింది. తర్వాత మన పిల్లల చేతికి వచ్చిన 'పరిసరాల విజ్ఞానం' పుస్తకం వెనక ఉన్నది ఈ కథే.

జూన్ 5 గురించి ఒక మాట. ఆ రోజుకు మన రాష్ట్రంలో బడులు ఇంకా తెరుచుకోవు. చెట్టుకు అన్నిటికంటే దాహం వేసే రోజుల్లో బడికి తాళం ఉంటుంది. ఇదే మన బడి పచ్చదనానికి అసలు చిక్కు.

మా బ్యాచ్ పది మొక్కలు

1980లలో సామాజిక వనాల పథకం జోరుగా నడిచింది. అటవీశాఖ నర్సరీ నుంచి సంచుల్లో మొక్కలు వచ్చేవి. నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు ఒక వానాకాలం పది మొక్కలు వచ్చాయి. వేపలు, కానుగలు, రెండు తురాయిలు. మా తరగతి వాళ్లమే గుంతలు తవ్వాం. అడుగు లోతు పోగానే మొరం తగిలింది, చాల్లే అనుకున్నాం. ఇద్దరికి ఒక మొక్క చొప్పున పంచారు. ఎవరి మొక్క ముందు చిగురు వేస్తుందో అని పందెం వేసుకున్నాం. బిస్కెట్లు పెట్టారు. పాట పాడాం.

దసరా దాకా రోజూ బోరింగు కొట్టి నీళ్లు పోశాం. సర్కారు తుమ్మ కంప చుట్టూ పాతాం. అయినా మేకలు మూడింటిని తిన్నాయి. సంక్రాంతి సెలవుల తర్వాత చూస్తే ఇంకో రెండు లేవు. ఒంటిపూట బడులు వచ్చేసరికి మా ఉత్సాహం కూడా ఎండింది. బోరింగులో నీళ్లు తాగడానికే చాలడం లేదని ఒకరు, పరీక్షలని ఒకరు. ఏప్రిల్ చివర సెలవులిచ్చారు. జూన్‌లో మేం పెద్దబడికి పోయాం. వెనక్కి తిరిగి చూడలేదు.

ఆ పదిలో ఒక్కటి బతికింది. గేటు పక్కనున్న వేప. ఇప్పుడు మన సమ్మేళనాలన్నీ జరిగేది దాని కిందే. "మా బ్యాచ్ నాటిన చెట్టు" అని మేం ప్రతిసారీ చెప్పుకుంటాం. దాని ముందు నిలబడి ఫోటోలు దిగుతాం. నేనూ చెప్పాను, నేనూ దిగాను.

అది ఎలా బతికిందో నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. మన కాలం వాళ్లందరికీ గేటు దగ్గర గంపతో కూర్చునే జామకాయల అవ్వ గుర్తుంటుంది. కోహీరు జామకాయలు తెచ్చి ఉప్పుకారం అద్ది ఇచ్చేది. జామ కాలం పోతే పల్లీలు, రేగుపండ్లు, ఈతపండ్లు. సెలవుల్లో కూడా ఆమె అక్కడే కూర్చునేది. దారిన పోయేవాళ్లు కొనేవాళ్లు. కాయలు కడిగిన బకెట్ నీళ్లు రోజూ సాయంత్రం లేచేముందు ఆ వేప మొదట్లో పోసేది. ఆ చెట్టు మీద మేక మూతి పడితే కట్టెతో అదిలించేది. ఉద్యోగంలో చేరాక ఒకసారి ఊరికి వచ్చినప్పుడు ఆమెను అడిగాను. "ఎండకు కూసోవాల్సింది నేనే గద బిడ్డా, అందుకే పోసిన" అంది. అంతే. ఆమెకు వనమహోత్సవం తెలియదు, స్టాక్‌హోమ్ తెలియదు. నీడ అవసరం తెలుసు.

అందుకని ఈ సంచికలో ఒక దిద్దుబాటు రాయదలచుకున్నాను. ఆ వేపను నాటింది మా బ్యాచ్. పెంచింది ఆ అవ్వ. మేం పెంచాల్సిన మిగతా తొమ్మిది ఎక్కడా లేవు.

కోర్టు చెప్పింది, హరిత దళం వచ్చింది

1991 నవంబర్ 22న ఎం.సి. మెహతా వేసిన పిటిషన్‌లో సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన ఆదేశం ఇచ్చింది. పర్యావరణాన్ని బడుల్లో తప్పనిసరిగా బోధించాలని చెప్పింది. అమలు నత్తనడక నడిచింది. 2003 డిసెంబర్‌లో కోర్టు మళ్లీ కలగజేసుకుని పాఠ్యాంశాలు రూపొందించమని ఎన్‌సీఈఆర్‌టీని ఆదేశించింది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం మూడు నుంచి ఐదు తరగతుల్లో సైన్సు, సాంఘికం, పర్యావరణం కలిపి ఒకే సబ్జెక్టుగా చెప్పే పద్ధతిని గట్టిపరిచింది.

ఈలోగా రాష్ట్రంలో 1990ల చివర 'పచ్చదనం - పరిశుభ్రత', 2000లో 'నీరు - మీరు' వచ్చాయి. మన ఊళ్లో పిల్లలు అట్టలు పట్టుకుని ర్యాలీలు తీశారు. ఇంకుడు గుంతలు తవ్వారు. 2001లో కేంద్రం జాతీయ హరిత దళం ప్రారంభించింది. బడిలో పర్యావరణ సంఘం, దానికో టీచరు, కొద్దిగా డబ్బు. తొలిదశలో జిల్లాకు 100 బడులే తీసుకున్నారు. అవి ఎక్కువగా పై తరగతుల బడులు. చెట్టుతో, మట్టితో, పురుగుతో సహజంగా స్నేహం చేసే ఆరేళ్ల నుంచి పదేళ్ల పిల్లలు ఆ పథకం అంచునే ఉండిపోయారు. ప్రాథమిక బడిలో ఇద్దరు టీచర్లు ఐదు తరగతులు చూసుకోవాలి. అక్కడ పర్యావరణం పుస్తకంలోని పాఠంగానే మిగిలింది. 'చెట్ల వల్ల లాభాలు రాయుము' అంటే పిల్లలు పది లాభాలు గడగడా చెబుతారు. బడి ముందున్న చెట్టు పేరు అడిగితే తెల్లమొహం వేస్తారు.

పక్కనే ఉన్న పచ్చసాల

ఈ విషయంలో దూరం పోయి నేర్చుకోవాల్సిన పని మనకు లేదు. మన రైలు దారిలోనే జహీరాబాద్ ఉంది. అక్కడి పస్తాపూర్ కేంద్రంగా డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుంచి దళిత మహిళల సంఘాలతో పనిచేస్తోంది. పి.వి. సతీష్ దాన్ని ముందుండి నడిపించారు. ఆయన 2023 మార్చిలో కన్నుమూశారు. పడావు పడ్డ భూముల్లో ఆ మహిళలు జొన్న, సజ్జ, కొర్ర, కంది కలిపి పండించారు. సొంత విత్తనాలు దాచుకున్నారు. 2019లో ఆ సంఘాల మహిళలకు ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. సంక్రాంతి రోజుల్లో ఎడ్లబండ్ల మీద విత్తనాలు పెట్టుకుని ఊరూరూ తిరిగే వాళ్ల పాత పంటల జాతర మనలో కొందరు చూసే ఉంటారు.

ఆ సంస్థే 1993లో ఝరాసంగం మండలం మాచ్నూరులో ఒక బడి పెట్టింది. పేరు 'పచ్చసాల'. పశువులు కాస్తూ, కైకిలికి పోతూ చదువుకు దూరమైన పిల్లల కోసం మొదలైన బడి అది. మట్టి గోడల కట్టడాలు. పుస్తకాల చదువుతో పాటు సేద్యం, వడ్రంగం, కుండలు చేయడం, పుస్తకాల బైండింగ్ వంటి పనులు నేర్పారు. 2008 అక్టోబర్ 15న అదే మాచ్నూరులో సంఘం రేడియో మొదలైంది. పల్లె మహిళలే నడిపే రేడియో అది.

పచ్చసాల నుంచి నాకు అర్థమైంది ఏమిటంటే, అక్కడ పర్యావరణం అని వేరే పీరియడ్ అక్కర్లేదు. పిల్లవాడు కూర్చున్న గోడ మట్టిదే. తిన్న జొన్న పక్క చేనుదే. 1937లో జాకిర్ హుస్సేన్ కమిటీ రాసినది 1993లో మన పొరుగున కొందరు చేసి చూపించారు. మండల పరిషత్ బడి పచ్చసాల కాలేదు, కానక్కర్లేదు. సిలబస్, పరీక్షలు, టీచర్ల సంఖ్య వేరు. కాని అందులో ఒక్క సూత్రం మనం తెచ్చుకోవచ్చు. బడిలో ఏ పనైనా ఏడాది పొడుగునా ఒకరి చేతిలో ఉండాలి, ఒక రోజు అందరి చేతుల్లో కాదు.

హరితహారం నేర్పినది

తెలంగాణ వచ్చాక 2015 జూలై 3న చిలుకూరులో హరితహారం మొదలైంది. రాష్ట్రంలో పచ్చదనాన్ని 24 శాతం నుంచి 33 శాతానికి పెంచాలన్నది లక్ష్యం. మొదటి ఏళ్లలో మన బడులకు కూడా మొక్కలు కుప్పలుగా వచ్చాయి. పాత కథే మళ్లీ జరిగిన చోట్లు ఉన్నాయి. గుంత ఉంది, మొక్క లేదు. బోర్డు ఉంది, నీళ్లు లేవు.

అయితే 2018 పంచాయతీరాజ్ చట్టం ఒక కొత్త మాట తెచ్చింది. ప్రతి ఊళ్లో నర్సరీ ఉండాలి. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి. బతకకపోతే సర్పంచి, కార్యదర్శి జవాబు చెప్పాలి. 1950 నుంచి మనం విన్న పథకాలన్నీ ఎన్ని నాటారని అడిగాయి. ఎన్ని బతికాయని చట్టం అడగడం ఇదే మొదలు. పల్లె ప్రగతిలో పంచాయతీకి ట్రాక్టరు, ట్యాంకరు వచ్చాక ఎండాకాలం చెట్టుకు నీళ్లు పోయడం అనేది ఊరి పనుల్లో ఒకటైంది. రోడ్డు పక్క చెట్లు బతికాయంటే కారణం ఇదే.

ఇంకో పాఠం కూడా నేర్చుకున్నాం. తొందరగా పచ్చగా కనిపించాలని ఎక్కడ చూసినా కోనోకార్పస్ నాటారు. మేక తినదు, నీళ్లు లేకపోయినా పెరుగుతుంది. కాని అది మన నేల మొక్క కాదు. దాని పుప్పొడితో ఇబ్బందులు వస్తాయన్న ఫిర్యాదులు పెరిగాక 2022లో రాష్ట్రంలో దాన్ని పెంచొద్దన్నారు. మేక తినని చెట్టు మీద పిట్ట కూడా గూడు కట్టాలి కదా. మన మొరం నేలకు వేప, కానుగ, చింత, నేరేడు, మోదుగ ఉన్నాయి. కొంచెం ఓపిక పట్టాలి, అంతే.

ఓపిక పడితే ఏమవుతుందో మనం హైదరాబాద్ పోయినప్పుడల్లా చూస్తూనే ఉన్నాం. మన్నెగూడ నుంచి మొయినాబాద్ దాటేదాకా చేవెళ్ల రోడ్డుకు రెండు పక్కలా దాదాపు 900 మర్రిచెట్లు. నాటినవాళ్ల పేరు ఒక్కటీ మనకు తెలియదు. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు వాటిని కొట్టేయొద్దని పర్యావరణ ప్రేమికులు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా పోయారు. బస్సు కిటికీలోంచి మన మీద నీడ పడిన చెట్ల కోసం ఎవరో కోర్టు మెట్లెక్కారు.

ఒక చిన్న లెక్క

చరిత్ర చదివి నిట్టూర్చడంతో పని కాదు. ఒక లెక్క చెబుతాను. ప్రాథమిక బడి ఆవరణలో 20 మొక్కలు పెడదాం. గుంత మూడడుగుల లోతు తీసి, మొరం పక్కకు తీసేసి, చెరువు మట్టి, పశువుల ఎరువు నింపుదాం. ఎండాకాలంలో ఒక్కో మొక్కకు ఒకసారికి 10 లీటర్లు. 20 మొక్కలకు 200 లీటర్లు. వారానికి మూడుసార్లు పోస్తే 600 లీటర్లు. సెలవులు ఏడు వారాలనుకుంటే 4,200 లీటర్లు. అంటే 5,000 లీటర్ల ట్యాంకరు ఒక్కటి చాలు. మా బ్యాచ్ మొక్కల్లో ఎండాకాలంలో ఎండిపోయినవి సగం ట్యాంకరు నీళ్లు కూడా లేక పోయినవే. ఈ లెక్క ఐదో తరగతి పిల్లలు చేయగలరు. ఆనాడు మాకెవరూ ఇవ్వలేదు, మేమూ వేసుకోలేదు.

ఇంకో లెక్క. 2003 నుంచి బడిలో మధ్యాహ్న భోజనం వండుతున్నారు. వంద మంది పిల్లలు చేయి, కంచం కడుక్కోవడానికి తలా ఒక లీటరు వాడతారనుకుందాం. రోజుకు 100 లీటర్లు. విద్యాహక్కు చట్టం ప్రకారం ఐదో తరగతి దాకా ఏడాదికి 200 పనిదినాలు. మొత్తం 20,000 లీటర్లు. నల్లాల దగ్గరనుంచి ఒక చిన్న కాలువ తీసి కూరగాయల మడికి మళ్లిస్తే తోటకూర, పాలకూర, బీర, సొర అవే పెరుగుతాయి. బడుల్లో పోషకాహార తోటలు పెంచమని కేంద్రం 2019లో మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. ఆ కూర పప్పులో పడితే, తను నీళ్లు కట్టిన కూర తన కంచంలోకి వచ్చిందని పిల్లవాడికి తెలుస్తుంది.

రాలిన ఆకులు ఊడ్చి అంటుపెట్టే బదులు ఒక గుంతలో వేసి, మీద కొంచెం పేడనీళ్లు చల్లి, అప్పుడప్పుడు తిరగేస్తే నాలుగైదు నెలల్లో ఎరువు. దీనికి డబ్బు అక్కర్లేదు. గుంత తవ్వే చేతులు కావాలి. అవి మనవే కావచ్చు.

టీచర్లకు నా మనవి ఒక్కటే. మీ మీద ఇప్పటికే చాలా పనులున్నాయని తెలుసు. మరో రిజిస్టరు పెట్టమని అడగను. మూడో తరగతి పిల్లలకు ఒక్కొక్క చెట్టు అప్పగించి, నెలకోసారి దాని మొదలు చుట్టుకొలత దారంతో కొలిపించండి. లెక్కలు, తెలుగు, పరిసరాల విజ్ఞానం మూడూ అందులో ఉన్నాయి. ఆ పిల్లవాడు ఐదో తరగతి దాటేనాటికి ఆ చెట్టు అతన్ని దాటి ఎదిగి ఉంటుంది.

స్వర్ణోత్సవానికి నా విన్నపం

సంఘం సభ్యులకు కొన్ని మాటలు. పూర్వ విద్యార్థులం బడికి ఏమైనా ఇవ్వాలంటే మనకు ముందు గుర్తొచ్చేవి స్వాగత తోరణం, వేదిక, పేర్లు చెక్కిన రాయి. అవి తప్పని అనను. వేదిక అవసరమే. కాని ఈసారి తోరణం కోసం అనుకున్న డబ్బులో కొంత పక్కకు తీసి, రాబోయే మూడు ఎండాకాలాలకు ట్యాంకరు, కంచె, ఎరువుల ఖర్చుకు పెట్టమని కమిటీని కోరుతున్నాను. మూడేళ్లు దాటిన వేపకు, కానుగకు మనతో పెద్దగా పనిలేదు. వేరు మొరం దాటి కిందికి పోతుంది. ఆ మూడేళ్లే మనం కాయాల్సింది.

రెండోది, ఉత్సవం రోజు గురించి. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లను, అలంకరణ థర్మోకోల్‌ను దేశమంతటా 2022 జూలై 1 నుంచి నిషేధించారు. నిరుడు మనం వాడినవాటిలో చాలామటుకు అవే. ఈసారి స్టీలు గ్లాసులు అద్దెకు తెద్దాం. మోదుగాకు విస్తర్లు వాడదాం. ఫ్లెక్సీల బదులు గుడ్డ బ్యానరు కడదాం. మైకులో నాకిచ్చే పది నిమిషాలు వద్దు. ఆ పది నిమిషాలు భోజనాల దగ్గర విస్తర్లు ఎత్తే పని ఇవ్వండి.

మూడోది, వేప చెట్టు దగ్గర మా బ్యాచ్ పేరుతో పలక పెడదామని కొందరు మిత్రులు ప్రతిపాదించారు. వద్దని నా మాట. పెట్టక తప్పదంటే, దాని మీద మా పేర్లతో పాటు జామకాయల అవ్వ కూడా ఉండాలి.

ఈ వ్యాసం రాస్తూ ఒక నోటుబుక్కు కొన్నాను. వచ్చే వేసవి సెలవుల ఏడు వారాలకు ఏడు పేజీలు రాసి పెట్టాను. ఒక్కో వారం ఊళ్లో ఉండేవాళ్లు గానీ, ఆ వారం ఊరికి రాగలిగినవాళ్లు గానీ బాధ్యత తీసుకోవాలి. మొదటి వారం పేజీలో నా పేరు రాసుకున్నాను. మిగతా ఆరు పేజీలు ఖాళీగా ఉన్నాయి. ఉత్సవం రోజు ఆ నోటుబుక్కు నా చేతిలోనే ఉంటుంది, వేప చెట్టు కిందే కూర్చుంటాను.